మూగవోయిన తెర

కంప్యూటరులో ధ్వని ఆగిపోతే మనలో చాలామందికి అది చిన్న ఇబ్బంది. పాట వినబడదు, అంతే. తెర మీది అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి, పని సాగిపోతుంది. చూపులేనివారికి మాత్రం అది తెర ఆరిపోవడంతో సమానం. వారు తెరను చెవితో చూస్తారు. అక్షరాన్ని, మెనూను, హెచ్చరికను, చివరకు గడియారాన్ని సైతం స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ వారికి పలికి వినిపిస్తుంది. ఆ పలుకు ఆగిందంటే, దానిని సరిచేసుకొనే అమరికల పుట కూడా దానితోనే మూగవోతుంది. తాళంచెవిని పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం వేసినట్లన్నమాట. ఈ చిక్కును గురించి, దానిని విప్పే పద్ధతిని గురించి నాకు తెలిసినంత వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నాకీ విషయంతో పరిచయం నా శిష్యుడొకని వలన కలిగింది. పుట్టుకతోనే చూపు లేదు. ఇప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు. అతడు వాడేది ఎన్‌వీడీఏ. దానిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ఆరంభించగా, మిత్రుడు జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేనివారే. అంతకుముందు, 1989లో, డాస్ కాలంలో పుట్టినది జాస్. దానికి ఆద్యుడైన టెడ్ హెంటర్ మోటారుసైకిలు పందాల వీరుడు, 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయాడు. అవసరం ఎవరిదో ఉపాయం కూడా వారిదే కావడం ఈ రంగంలో నన్ను మొదట ఆకట్టుకొన్న విశేషం. జాస్ వెల పెట్టి కొనవలసినది, ఎన్‌వీడీఏ ఉచితం. దాని మూలసంకేతం కూడా అందరికీ తెరిచి ఉంటుంది.

ఒక రాత్రి పదిగంటలు దాటాక ఆ అబ్బాయి ఫోను చేశాడు. "మాస్టారూ, మిషను మాట్లాడడం లేదండీ. రేపు ఉదయం ప్రశ్నపత్రం పంపాలి. సగంలో ఉంది" అన్నాడు. పక్కగదిలో వాళ్ళ పాప చదువుకొంటూనే ఉంది. పిలిస్తే వచ్చి ఒక్క నిమిషంలో చూసిపెడుతుంది. కాని ఆ పాప చదివేది పదవ తరగతి, అదే బడిలో. తెర మీద తెరిచి ఉన్నది ఆమె వ్రాయబోయే పరీక్ష ప్రశ్నపత్రం! పొరుగువారి పిల్లలదీ అదే బడి. అందుచేత చూపున్న మనిషిని తెర ముందుకు రానీయకుండానే ధ్వనిని తిరిగి రప్పించాలి.

మా తెలుగు పండితులకు వ్యాకరణంతో పాటు కాస్తో కూస్తో తర్కం కూడా చెప్పేవారు. కారణాన్ని పట్టుకోవడానికి అన్వయ వ్యతిరేకాలను మించిన సాధనం లేదు. ఇది ఉంటే అది ఉన్నది, ఇది లేకుంటే అది లేదు అని ఒక్కొక్కదాన్నే విడదీసి చూడడం. యంత్రానికీ అదే పనికివస్తుంది.

"నాయనా, కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కు. మొదలయ్యేటప్పుడు వచ్చే ఆ చిన్న రాగం వినబడిందా?" అని అడిగాను. ఎన్‌వీడీఏ మొదలయ్యేటప్పుడు ఒక చిన్న స్వరవరుస మోగుతుంది. ఇది పలుకు కాదు, ముందే రికార్డు చేసి ఉంచిన ధ్వని. రాగం వినబడి పలుకు వినబడకపోతే దోషం గొంతులో ఉన్నట్లు. రాగమే రాకపోతే దోషం దారిలో ఉండవచ్చు. రాలేదన్నాడు. "అయితే కంట్రోల్, విండోస్, ఎంటర్ నొక్కి చూడు." అది విండోస్‌తో పాటే వచ్చే నరేటర్ అనే మరొక పలుకరిని లేపే మీట. అదీ పలకలేదు. ఇద్దరు పలుకరులూ ఒకేసారి మూగవోయారంటే లోపం వారిది కాదు, ధ్వని పోయే దారిదే.

"ఇంతకుముందు బాగానే పలికింది కదా, ఈ నడుమ ఏం మారింది?" అన్నాను. ఛార్జి తగ్గిందని కంప్యూటరును పాప బల్ల మీదికి మార్చాడట. అక్కడి తీగలన్నీ అలవాటుగా తగిలించాడట. వాటిలో ఒకటి పాప వాడుకొనే మానిటరు తాలూకు హెచ్‌డీఎంఐ తీగ. ఆ తీగలో బొమ్మతో పాటు ధ్వని కూడా ప్రయాణిస్తుంది. అది తగలగానే విండోస్ చాలాసార్లు ధ్వనిని అటే మళ్ళిస్తుంది. ఆ మానిటరుకు స్పీకర్లు లేవు. యంత్రం పలుకుతూనే ఉంది, వినిపించే నోరు మాత్రం లేదు! తీగ లాగగానే ఫోనులో నాకే వినబడింది, రెండు గొంతులు ఒకేసారి మాట్లాడడం. నరేటర్‌ను ఆపివేసి అతడు తన పనిలో పడ్డాడు. ప్రశ్నపత్రం గుట్టు ప్రశ్నపత్రంలోనే ఉంది.

ఆనాటినుండి ఇటువంటి దోషాలను మేమిద్దరం కలిసి వరుసగా ఒక పుస్తకంలో ఎక్కించుకొంటున్నాము. తరచుగా ఎదురయ్యేవి కొన్ని చెబుతాను.

రాగం వినబడి పలుకు రాకపోతే మొదట అనుమానించవలసినది చేతివేళ్ళనే. ఇన్‌సర్ట్‌తో ఎస్ మీట తగిలితే ఎన్‌వీడీఏ పలుకు తీరు మారుతుంది. ఒక తీరులో అసలు పలకదు, మరొక తీరులో కేవలం టిక్కుమని మోగుతుంది. అదే మీట మళ్ళీ మళ్ళీ నొక్కితే మామూలు పలుకు తిరిగివస్తుంది. షిఫ్ట్ కూడా కలిసి తగిలితే ఆ ఒక్క ప్రోగ్రాములో మాత్రమే నిద్రపోతుంది. పక్క ప్రోగ్రాములోకి వెళ్తే గలగలా మాట్లాడుతుంది. గొంతు హెచ్చుతగ్గులను మార్చే మీటలు పొరపాటున తగిలి ధ్వని సున్నాకు దిగిపోవడమూ కద్దు.

రెండవది, తీగలేని ఇయర్‌ఫోన్ల జబ్బు. కాసేపు నిశ్శబ్దంగా ఉంటే బ్యాటరీ పొదుపు కోసం వాటిలో కొన్ని కునుకు తీస్తాయి. మళ్ళీ పలుకు వచ్చినప్పుడు మేలుకొనేలోగా మొదటి అక్షరం మింగుడుపడిపోతుంది. పాట వినేవారికి ఇది తెలియనే తెలియదు. వరుస వరుసకూ ఆగి వినేవారికి మాత్రం ప్రతి వరుస మొదలూ మాయమే. "అధర్మం" అని వ్రాసి ఉంటే చెవికి "ధర్మం" అని చేరుతుంది, "అన్యాయం" కాస్తా "న్యాయం" అవుతుంది. పద్యం చెప్పే ఉపాధ్యాయునికి నష్టం ఇంకా పెద్దది. పాదంలో మొదటి అక్షరమే కదా యతికి ఆధారం! అది వినబడకపోతే యతి కుదిరిందో లేదో ఎట్లా తేల్చాలి? దీనికి మందు, పలుకు ఆగిన తరువాత కూడా కొంతసేపు వినబడని ధ్వనిని పంపుతూ పరికరాన్ని మేలుకొలిపి ఉంచడం. ఇప్పటి ఎన్‌వీడీఏలో, ధ్వని అమరికల్లో దానికి చోటుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వాడితే సాధారణంగా ఆ అమరికతో అంతగా పని ఉండదు.

మూడవది, పాట ఉండుండి సన్నగిల్లడం. ఇది దోషం కాదు, మర్యాద. తాను పలికేటప్పుడు తక్కిన ధ్వనులను తగ్గించే ఏర్పాటు ఎన్‌వీడీఏలో ఉన్నది. ఇన్‌సర్ట్, షిఫ్ట్, డి నొక్కితే అది మారుతుంది. ఎల్లప్పుడూ తగ్గించి ఉంచే తీరులో చిక్కుకొంటే, రికార్డింగే పాడైందని భ్రమపడతాము. దీనికి తలక్రిందులైన సమస్య మరొకటి ఉన్నది. కొన్ని పుటలు తెరవగానే అడగకుండానే సంగీతం మొదలవుతుంది. ఆ హోరులో స్క్రీన్ రీడర్ పలుకు మునిగిపోతుంది, ఆపే గుండీ ఎక్కడుందో చెప్పే గొంతే వినబడదు. మూడు సెకండ్లకు మించి తనంతట తాను మోగే ధ్వనికి ఆపివేసే లేదా తగ్గించే మార్గం ఉండి తీరాలని 2008 నాటి అంతర్జాతీయ సౌలభ్య సూత్రాలు విధించాయి. పెళ్ళిపందిట్లో మైకు కట్టినట్లు పుటలకు పాటలు కట్టేవారు ఇది గమనించాలి.

నాలుగవది తెలుగుకు ప్రత్యేకం. ఆంగ్లం మాత్రమే తెలిసిన కొన్ని గొంతులు తెలుగు వాక్యాన్ని నిశ్శబ్దంగా దాటిపోతాయి. ధ్వని చెడిందనుకొంటాము గాని చెడినది కాదు, రానిది. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చును. అది యంత్రపు ఉచ్చారణే, అయినా ఒత్తులు మింగదు. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో కూర్చిన పుస్తకాల సంగతి వేరు. కంటికి ముత్యాల్లాంటి తెలుగు, చెవికి అర్థంలేని ఆంగ్లాక్షరాల గోల. అక్కడ ఉన్నది తెలుగు బొమ్మే తప్ప తెలుగు అక్షరం కాదు. దీనికి గొంతు మార్చి లాభం లేదు, వ్రాతనే యూనికోడ్‌లోకి మార్చాలి.

ఇక స్క్రిప్టుల విషయం. యంత్రం తనంతట తాను సరిగా చదవనిచోట మనం సూత్రం వ్రాసి నేర్పవచ్చు. మా అబ్బాయి పద్యాలను రాగయుక్తంగా రికార్డు చేసి పిల్లలకు వినిపిస్తాడు. అందుకు వాడే ప్రోగ్రాములో గుండీలన్నీ బొమ్మలే, వేటికీ పేర్లు లేవు. "బటన్, బటన్, బటన్" అనే జపమే తప్ప ఏది ఆరంభమో ఏది చెరిపివేతో తెలియదు. ఎన్‌వీడీఏకు పైథాన్ భాషలో చేర్పులు వ్రాయవచ్చు. అతడు పైథాన్ కొంత నేర్చుకొన్నాడు. నేను ప్రక్కన కూర్చుని ఏ గుండీ ఏ వరుసలో ఉందో చెప్పాను. ఒక్కొక్క గుండీ పుట్టగానే దానికి పేరు పెట్టే సూత్రం వ్రాశాడు. బాలవ్యాకరణంలోనూ మొదటిది సంజ్ఞా పరిచ్ఛేదమే కదా, పేరు పెట్టనిదే శాస్త్రం నడవదు! ఆ పైన, ఎంతసేపు రికార్డయిందో ఒక్క మీటతో చెప్పించే స్క్రిప్టు కూడా జోడించాడు.

ఈ స్క్రిప్టుల అమరికలో మా శాస్త్రం పోలికే కనబడి నాకు ముచ్చట వేసింది. అన్ని ప్రోగ్రాములకూ వర్తించే ఆజ్ఞలు ఎన్‌వీడీఏలో ముందే ఉన్నాయి, ఇవి ఉత్సర్గం. ఒక్క ప్రోగ్రాముకు మాత్రమే వర్తించే స్క్రిప్టు అపవాదం. ఒకే మీటకు రెండూ ఉంటే, ఆ ప్రోగ్రాములో అపవాదానిదే పైచేయి. జాస్‌లోనూ ఇంతే. పైథాన్‌లో వరుసల మొదట వదిలే ఖాళీలకు అర్థం ఉంటుంది. కంటితో చూడలేనివారు వాటిని ఎట్లా గ్రహిస్తారని అడిగాను. ఖాళీ పెరిగేకొద్దీ స్వరం మార్చి మోగించే అమరిక ఉందట. లోతును శ్రుతితో కొలుస్తున్నారు!

ప్రోగ్రాము వ్రాయడం రానివారికి ఉచ్చారణ నిఘంటువు ఉన్నది. "క్రీ.శ." అని కనబడితే "క్రీస్తు శకం" అని పలకమని అందులో చేర్చవచ్చు. అయితే ఇక్కడా అతివ్యాప్తి దోషం పొంచి ఉంటుంది. "రూ." అన్నదానికి బదులుగా చుక్క లేకుండా "రూ" అని చేర్చి, ఎక్కడున్నా మార్చమంటే, "రూపం" కాస్తా "రూపాయలపం" అయి కూర్చుంటుంది. లక్షణం చెప్పేటప్పుడు లక్ష్యాన్ని దాటిపోకుండా చూసుకోవాలని మా గురువులు చెప్పినది యంత్రం దగ్గర మరీ నిజం. స్క్రిప్టు మార్చినప్పుడు ఇన్‌సర్ట్, కంట్రోల్, ఎఫ్ 3 నొక్కితే ఎన్‌వీడీఏ వాటిని మళ్ళీ చదువుకొంటుంది. తప్పుంటే చిట్టాలో ఏ వరుసలో ఉందో వ్రాసిపెడుతుంది. పలుకు తడబడుతూ ఉంటే, చేర్పులన్నీ ఆపి మళ్ళీ మొదలుపెట్టే వీలు కూడా ఉంది. అలా చేసినప్పుడు కుదుటపడితే దోషం చేర్పులో ఉన్నట్లే. మళ్ళీ అన్వయ వ్యతిరేకాలే.

మీ యింట్లోనో బడిలోనో చూపులేనివారెవరైనా కంప్యూటరు వాడుతుంటే, ధ్వని ఆగినప్పుడు వెంటనే మౌసు అందుకోకండి. ఏమి మారిందో అడగండి, ఏ మీట నొక్కాలో చెప్పండి, నొక్కేది వారిని నొక్కనివ్వండి. ఉత్తరమైనా, బ్యాంకు లెక్క అయినా, ప్రశ్నపత్రమైనా తెర మీద ఉన్నది వారిది. తెలుగు పండితులకు మరొక్క మనవి. యంత్రం ఎక్కడ ఏ మాటను తప్పు పలుకుతున్నదో వారితో కూర్చుని వినండి, వ్రాసి ఉంచండి. స్క్రిప్టు వ్రాసేవారికి కావలసిన ముడిసరుకు అదే. అది మన దగ్గరే ఉన్నది.