టిబియా అనే మాట వెనుక

మోకాలి నుండి చీలమండ దాకా కాలి ముందుభాగాన్ని వ్రేలితో తడిమి చూడండి. కండ అడ్డు లేకుండా, చర్మం క్రిందనే కత్తి అంచువలె తగిలే ఎముకకు వైద్యశాస్త్రంలో టిబియా అని పేరు. ఎక్స్‌రే రిపోర్టులలో మీరు చదివే ఈ మాట లాటిన్ భాషది. ఆ భాషలో దీనికి మరొక అర్థం కూడా ఉంది. అది ఊదే వాద్యం.

రోమనులు పూజలలోను, నాటకాలలోను, శవయాత్రలలోను ఊదిన టిబియాను వేణువని అనువదించడం వాడుక. నాకది సరిగా తోచదు. దాని నోటి దగ్గర రెల్లు పీక ఉండేది, రెండు గొట్టాలను జతగా పట్టి ఊదేవారు. మన సన్నాయికే అది దగ్గరి చుట్టం. మొదట లేడి కాలి ఎముకలతో చేసినందువల్ల ఆ వాద్యానికి ఆ పేరు వచ్చిందని తలుస్తారని 7వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు మతాచార్యుడు ఇసిడోర్ వ్రాశాడు. (ప్రక్కనున్న సన్నని ఎముక ఫిబ్యులా. ఆ మాటకు బట్ట జారకుండా గుచ్చుకొనే పిన్నీసు అని అర్థం. రెండు ఎముకలను చేర్చి చూస్తే పోలిక మీకే తెలుస్తుంది.)

మన పూర్వులకూ గొట్టమే తట్టింది. సుశ్రుత సంహిత ఎముకలను ఐదు విధాలుగా విభజించి, పొడవైనవాటిని నలకాలన్నది. నలమంటే రెల్లు. హైదరాబాదు హోటళ్ళలో మూలుగ ఎముకను నల్లీ అనడంలో ఉన్నదీ ఆ గొట్టమే.

మన తెలుగు పాఠ్యపుస్తకాలు మాత్రం టిబియాను అంతర్జంఘిక అన్నాయి. జంఘ అంటే మోకాలి క్రింది కాలు, అందులో లోపలివైపు ఎముక కనుక ఆ పేరు. తప్పు పట్టలేము. అయినా నా సర్వీసు మొత్తంలో ఏ రోగి నోటా ఆ మాట వినలేదు. వారికది ముంగాలి ఎముక, లేదా బొక్క. పైగా అంతర్జంఘిక అన్నప్పుడు గొట్టం అన్న ఊహ పూర్తిగా పోతుంది. అసలు విషయమంతా ఆ గొట్టంలోనే ఉంది.

1990 ప్రాంతంలో, వాంతులు విరేచనాలతో వాడిపోయిన రెండేళ్ళ బాలుణ్ణి ఒక రాత్రి మా తాలూకా ఆసుపత్రికి తెచ్చారు. సెలైన్ ఎక్కించడానికి ఒక్క సిర కూడా దొరకలేదు. జనం నరమనేది ఈ సిరనే. ఒంట్లో నీరు ఇంకిపోతే సిరలు ముడుచుకొనిపోతాయి. ఎముక లోపలి మూలుగలో ఉన్న రక్తనాళాలు అలా ముడుచుకోవు, చుట్టూ ఎముక గోడ వాటిని నిలిపి ఉంచుతుంది. మోకాలికి కొంచెం క్రిందుగా, టిబియా లోపలివైపు చదునుగా ఉన్నచోట గట్టి సూది దించితే సెలైన్ నేరుగా రక్తంలో కలుస్తుంది.

సూది చూసి తండ్రి నా చేయి పట్టుకున్నాడు. “ఎముకలోకి గుచ్చుతారా సారూ? కాలు పోదా?” అన్నాడు. అతడు గొర్రెల కాపరి. “మేక కాలి ఎముక విరిస్తే లోపల ఏముంటుందయ్యా?” అని అడిగాను. “మూలుగ.” “అది ఉండే గొట్టంలోకే మందునీళ్ళు పంపుతున్నాను, పిల్లవాడి నెత్తురు తయారయ్యేది కూడా అక్కడే” అన్నాను. కొంతసేపు ఆలోచించి, “కానీయండి” అని చేయి వదిలాడు.

గంటన్నర గడిచేసరికి పిల్లవాడు ఏడవసాగాడు. ముంజేతిమీద సిర తేలింది. సెలైన్‌ను అక్కడికి మార్చి, కాలి సూదిని తీసివేశాము.