మట్టి పూసుకున్న కత్తి
ఒసాకాలో నంబా స్టేషన్ దగ్గర నన్‌కాయ్ రైలెక్కితే పావుగంటలో సకాయ్. వంటింటి కత్తులకు జపాన్‌లో ఈ ఊరే ఫేమస్. పోర్చుగీసువాళ్లతో 16వ శతాబ్దంలో పొగాకు వచ్చాక, ఆకు తరిగే కత్తులతో పేరు తెచ్చుకుంది.

నేను వెళ్లిన షెడ్డులో పట్టపగలే చీకటి. కావాలనే కిటికీలు మూశారు. ఎరుపు ఛాయ చూసే ఉక్కు ఎంత కాగిందో తేల్చుకోవాలి మరి. 800 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ!

నా కళ్లు మాత్రం కొలిమి పక్కనున్న బకెట్ మీదే. అందులో పల్చటి బురద. పెద్దాయన ఒక్కో కత్తికీ అది పూసి, కొలిమి అంచున ఆరబెడుతున్నాడు. అచ్చం ముల్తానీ మట్టి ఫేస్‌ప్యాకే! మా ఊరి కమ్మరి కొడవలిని నేరుగా తొట్లో ముంచడమే చూశా.

పూత లేకపోతే? ఎర్రగా కాగిన ఉక్కుకు గాలి తగిలి పొలుసులు కడతాయి, పైపొరలో కార్బన్ తగ్గుతుంది. నీళ్లలో ముంచగానే ఆవిరి చుట్టూ పొరలా పట్టేసి, కత్తి ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా తయారవుతుంది. పల్చటి మట్టి ఉంటే ఆవిరి అలా నిలవదు. అయితే పూత బాగా ఆరాలి. తడి ఉంటే కొలిమిలోనే పెచ్చులూడిపోతుంది.

ముంచాడు. సుయ్‌మంది. ఆ వెంటనే ‘టిక్’మని సన్నటి చప్పుడు. పెద్దాయన ముఖం వాడిపోయింది. అంచున వెంట్రుకంత బీట! ఎంత మట్టి పూసినా నీటి దెబ్బకు ఒక్కోటి ఇలా పోతుందట. రోజులు పట్టిన పని. ఏమీ అనకుండా దాన్ని తుక్కు డబ్బాలో వేసి, బకెట్‌లో బురద కలపసాగాడు.