వెనీలా వాసన, వర్జీనియా ఆకు

నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో అమెరికన్ టొబాకో కంపెనీ ఫ్యాక్టరీ 1987లో మూతపడింది. 2004 నుంచి ఆ ఎర్ర ఇటుక భవనాల్లో ఆఫీసులు, రెస్టారెంట్లు నడుస్తున్నాయి. లక్కీ స్ట్రైక్ పేరున్న పొగగొట్టం మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఆ దగ్గర్లోని క్యారీ, మోరిస్‌విల్ ఊళ్లలో తెలుగువాళ్లకు కొదవలేదు. వాళ్లలో ఒకాయనది ప్రకాశం జిల్లా కురిచేడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గానీ, పెరిగింది పొగాకు కాల్చే బ్యారన్ ఉన్న ఇంట్లో.

పచ్చాకు కోసుకొచ్చి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో వరసలుగా వేలాడదీసి, కింద గొట్టాల్లోకి మంట వదలడం ఆయన చిన్నప్పుడు రోజూ చూసిన పనే. ఆకు పసుపు తిరిగేదాకా వేడి నెమ్మదిగా ఉండాలి. ఆ తర్వాత పెంచుకుంటూ పోతే ఈనె ఎండేసరికి 70 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. అయిదారు రోజుల పని. రాత్రిళ్లు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర మేలుకుని ఉండాల్సిందే. దించిన ఆకును మండె వేశాక వచ్చే వాసన ఎండుగడ్డిలో బెల్లం కలిపినట్టుంటుంది. పొగాకు వాసన అంటే ఆయనకు అదీ.

అలాంటి మనిషిని ఆఫీసు మిత్రుడొకడు పైపుల దుకాణానికి తీసుకెళ్లాడు. బల్ల మీద వరసగా గాజు జాడీలు: వెనీలా, చెర్రీ, విస్కీ, రమ్. మూత తీసి ముక్కు దగ్గర పెట్టి, నచ్చింది ఔన్సుల లెక్కన కొనుక్కోవాలి. ఆయన వెనీలా తీసుకున్నాడు. పైపు కూడా చౌకదే, మొక్కజొన్న బెండుతో చేసింది. మిస్సోరీ మీర్‌షామ్ కంపెనీ 1869 నుంచీ ఈ బెండు పైపులే చేస్తోంది. మన దగ్గర పొయ్యిలోకి పోయే బెండుకు అక్కడ నూటయాభై ఏళ్ల వ్యాపారం!

పైపు నింపడానికి అక్కడివాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది. మొదటి చిటికెడు పసిపిల్లవాడి చేత్తో, రెండోది తల్లి చేత్తో, మూడోది తండ్రి చేత్తో నొక్కాలట. అగ్గిపుల్ల గీసి ఒకసారి పైపైన కాల్చి, పొంగిన ఆకును మళ్లీ అదిమి, మరోసారి వెలిగించాలి. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చకూడదు, నోట్లోనే తిప్పి వదలాలి. ఆయన అన్నీ అలాగే చేశాడు. మొదటి నాలుగు దమ్ముల్లో వెనీలా తెలిసింది. ఆ తర్వాత నాలుక చిమచిమలాడింది, పైపు అడుగున తడి చేరి గుడగుడమంది. కాడలోకి దూర్చిన బ్రష్షు ముదురు గోధుమ రంగు నీళ్లతో బయటికొచ్చింది. పక్కన కూర్చున్న మిత్రుడు మాత్రం ఎంత కమ్మని వాసనో అని తెగ మెచ్చుకున్నాడు.

కిటుకంతా అక్కడే ఉంది. సువాసన పొగాకులో ఎక్కువగా ఉండేవి బర్లీ, బ్లాక్ క్యావెండిష్. బర్లీని మంట పెట్టకుండా నీడన గాలికి ఆరబెడతారు. దానిలో చక్కెర తక్కువ, పాకం పోస్తే బాగా పీల్చుకుంటుంది. క్యావెండిష్‌ను ఆవిరి పట్టించి, అదిమి నల్లబరుస్తారు. చక్కెర, అతిమధురం, కోకో లాంటివి ముందే పట్టిస్తారు. వెనీలా, చెర్రీ సారం ఆఖర్న చల్లుతారు. ఆరిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఆ తడే వేడి ఆవిరై నాలుకను కాలుస్తుంది. పైన చల్లిన సారం ముందే ఎగిరిపోతుంది కాబట్టి రుచి తాగేవాడికి దక్కేది కొంచెమే, గుబాళింపు మాత్రం గదినిండా.

ఫోన్లో ఇదంతా విన్న తండ్రి ఒక్క మాటే అన్నాడు: "ఆకు మంచిదైతే పాకం ఎందుకురా దానికి? లోగ్రేడే అయ్యుంటది." పొదిలి వేలం కేంద్రంలో నోబిడ్ అయిన (ఎవరూ పాడని) బేళ్లను వెనక్కి తెచ్చుకున్న రైతు మాట అది. సగం నిజమే. కొన్ని మిశ్రమాల్లో మంచి ఆకే వాడతారు, కానీ ఇంత పాకం కింద దాని గుణం తెలియదు.

అసలు బ్యారన్ విద్య పుట్టిందే నార్త్ కరోలినాలో అంటారు. 1839లో క్యాస్‌వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే బానిస, ఆరిపోతున్న మంట మీద బొగ్గులు వేస్తే ఆకు బంగారు రంగు తిరిగిందని చెబుతారు. డర్హమ్ డ్యూక్ కుటుంబం నడిపిన అమెరికన్ టొబాకో, ఇంగ్లండు ఇంపీరియల్ కంపెనీతో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో (బీఏటీ)ని పెట్టింది. ఆ గొడుగు కిందే 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐఎల్‌టీడీ) వచ్చింది. చీరాలలో ఆ పేరు తెలియని పాతతరం ఉండదు. 1920ల్లో గుంటూరు నల్లరేగళ్లలో బ్యారన్‌లో కాల్చే వర్జీనియా పొగాకు సాగు మొదలైంది.

అమెరికా 2009లో మెంథాల్ తప్ప మిగతా రుచుల సిగరెట్లన్నీ నిషేధించింది. పైపు పొగాకు ఆ నిషేధంలోకి రాలేదు. అంతమాత్రాన అది మంచిదని కాదు; పీల్చకపోయినా నోటికి, గొంతుకు క్యాన్సర్ తెచ్చే పొగే అది. ఆ వెనీలా జాడీ జోలికి కురిచేడు ఆయన మళ్లీ పోలేదు.

డర్హమ్ వైపు వెళ్లే ప్రకాశం వాళ్లు డ్యూక్ హోమ్‌స్టెడ్ అనే పాత పొలం తప్పక చూడాలి. అక్కడ పొగాకు మ్యూజియం, పాతకాలం బ్యారన్ ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లండి. గైడు చెప్పనివి వాళ్లు చెబుతారు.