తాటి టెంకా, తొంభై తొమ్మిది శాతం

తాటి టెంకల బొగ్గుతో నీళ్లలోని విషలోహాలు తీసేస్తున్నారట, చూసి రమ్మన్నారు ఎడిటర్ గారు. కోస్తాలో ఒక విశ్వవిద్యాలయం, రసాయనశాస్త్ర విభాగం. ప్రొఫెసర్ గారు ఓపిగ్గా ఒక్కో యంత్రం దగ్గరా ఆగి చెబుతున్నారు గానీ, నేను సింకు దగ్గరే ఆగిపోయాను. అక్కడ అటెండరు బొగ్గు కడుగుతున్నారు.

ఆయన వేళ్ల గీతల్లోకి నలుపు దిగిపోయింది. గోళ్ల చుట్టూ చర్మం పొట్టు లేచింది. తేగలు తీసి, బుర్రగుంజు తిన్నాక జనం పారేసే టెంకల్ని ఊరి నుంచి గోనెసంచుల్లో తెచ్చేది ఆయనే. ఎండబెట్టి, చితక్కొట్టి, ఫాస్ఫారిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, మూత బిగించిన మూసల్లో సుమారు 500 డిగ్రీల ఫర్నేసులో పెడతారు. ‘‘టైము కాయితం మీద ఉంటాదండి. నేను పొగ చూస్తాను. పొగ ఆగిందా, కాలినట్టే.’’ చిటికెడు తీసి బొటనవేలితో నలిపారు. ఇంకా జిగట పోలేదంటూ మళ్లీ నీళ్లు పోశారు. లిట్మస్ పెట్టి చూస్తే నిజంగానే ఎర్రబడింది.

ఆ కడుగుడు సరిగా లేకపోతే పనంతా వృథా. బాగా తయారైన బొగ్గు ఒక్క గ్రాములో సూక్ష్మరంధ్రాల గోడలన్నీ పరిచి చూస్తే వెయ్యి చదరపు మీటర్లు తేలొచ్చు, అంటే దాదాపు పాతిక సెంట్ల నేల. ఆ గోడల మీదున్న ఆమ్లగుణపు సమూహాలు సీసాన్నీ కాడ్మియాన్నీ పట్టుకుంటాయి. పొయ్యిలో పెట్టే టెంకకు ఇంత పని వచ్చునా అని ముచ్చటేసింది.

ఆ ముచ్చట పోస్టరు చదివేదాకానే. బిందె ఎత్తుకున్న ఇల్లాలి బొమ్మ పక్కన ‘99 శాతం క్రోమియం తొలగింపు’ అని పెద్దక్షరాలు. కింద చిన్నక్షరాల్లో: డిస్టిల్డ్ వాటర్, లీటరుకు 100 మిల్లీగ్రాములు, పీహెచ్ 2. అందులో 99 శాతం పోయినా ఒక మిల్లీగ్రాము మిగిలింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్రోమియం 0.05 దాటకూడదు. మిగిలిందే ఇరవై రెట్లు! పీహెచ్ 2 అంటే నిమ్మరసమంత పులుపు. క్రోమ్ పూత వేసే షాపు మురుగులో అంత పులుపు ఉంటుంది, అక్కడికైతే ఈ లెక్క పనికొస్తుంది కూడా. మరి బిందె బొమ్మ ఎందుకు?

అటెండరు గారు తోటి ఉద్యోగితో గొణుగుతుంటే విన్నాను: ‘‘మా ఊరి బోరునీళ్లు పోసి చూడండి సార్ అన్నాను. అవి ఉప్పునీళ్లు, గ్రాఫు పాడవుద్దన్నారు.’’ అసలు పరీక్ష అదే కదా! బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా ఆ గోడల మీద చోటు కోసం సీసంతో పోటీ పడతాయి. ఆ పోటీలో టెంక బొగ్గు ఎంతవరకు నిలుస్తుందో తెలియనిదే ఫిల్టరు కట్టలేం. వేరుశనగ తొక్క, చింతపిక్క, జీడిపెంకు అంటూ ఏటా కొత్త పదార్థం మీద వ్యాసాలు పడుతూనే ఉన్నాయి. పదార్థం మారుతుంది, బీకరు దాటదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. రోజూ చాకిరీ, అడుగున మిగిలే మడ్డి. అయినా అది పటిక, సున్నం, బకెట్టుతో ఇంట్లో చేసుకునే పనిగా పుట్టింది, ఊళ్లోకి వెళ్లింది.

లోహం పట్టిన బొగ్గును ఏం చేస్తారని ప్రొఫెసర్ గారిని అడిగాను. అది ముందు ముందు చేయాల్సిన పరిశోధన అన్నారు. వచ్చేటప్పుడు అటెండరు గారు బల్ల కింద ప్లాస్టిక్ డ్రమ్ము చూపించారు. నిండటానికి జానెడు తక్కువ. ‘‘సింకులో పోసెయ్యమంటారండి పిల్లలు. నేను పొయ్యను. ఈ కాలవ దిగువనే మా ఇల్లు.’’