జీతం రోజు దాకా

బచేలీలో గాని, కిరందూల్‌లో గాని కొంతకాలమైనా పనిచేసిన తెలుగువారికి అక్కడి బజారులోని టిఫిన్ హోటళ్ళను గూర్చి కొత్తగా చెప్పవలసినది లేదు. అయినా ఈ మధ్య హైదరాబాదులో ఒక పిజ్జా భోజనశాలలో కూర్చున్న రాత్రి నాకు ఆ హోటళ్ళే పదే పదే గుర్తుకు వచ్చాయి గనుక, రెంటినీ కలిపి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

1990లో ఉద్యోగంలో చేరడానికి విశాఖపట్నంలో ఉదయం కిరందూల్ ప్యాసింజరు ఎక్కి, అరకు కనుమలోని సొరంగాలన్నీ దాటి, రాత్రికి బచేలీలో దిగాను. అప్పటికి ఇది మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లా. దంతెవాడ వేరు జిల్లా అయినది 1998లో, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది 2000లో. వచ్చిన మరునాడే తోటి ఉద్యోగి ఒకరు నన్ను బజారులో ఒక తెలుగు హోటలుకు తీసుకొనిపోయి, "ఈయన కొత్తగా వచ్చారు, ఖాతా వ్రాయండి" అన్నారు. యజమాని విజయనగరం వైపు నుండి వచ్చి స్థిరపడినవాడు. పేరు, ఊరు అడిగి, "కూర్చోండి బాబూ" అన్నాడు. నా పరిచయం అంతటితో పూర్తయింది.

రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక పెద్ద ఇనుప పెనం, దాని క్రింద కట్టెల పొయ్యి. అదే హోటలు. మొదటి షిఫ్టు వారు కొండపైకి వెళ్ళే బస్సుల వేళకు పొయ్యి రగిలి ఉండేది. పెనంపై నీళ్ళు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రాసి, పిండి పోసి గిన్నె అడుగుతో మూడు చుట్లు తిప్పేవాడు. ఆ పెనం ఇనుము మన బైలదిల్లాదేనని, ఇక్కడి రాయే విశాఖకు వెళ్ళి ఉక్కై తిరిగి వచ్చిందని మేము హాస్యమాడేవాళ్ళం. పెనం సంగతి ఏమో గాని, మినపప్పు, కరివేపాకు మాత్రం ఆ రైలులోనే వచ్చేవి. వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాలపై పడి రైళ్ళు ఆగిపోతే, చట్నీలో కరివేపాకు కూడా ఆగిపోయేది. ఆకుదొప్పలకు మాత్రం ఏనాడూ లోటు రాలేదు. వాటిని కుట్టి సంతకు తెచ్చే ఆదివాసీ స్త్రీలు కాలినడకన వచ్చేవారు.

బల్ల సొరుగులో పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. జీతం రోజు సాయంత్రం ఆ పుటకు అడ్డంగా గీత పడేది. 1991లో మా నాన్నగారికి శస్త్రచికిత్స జరిగినప్పుడు మూడు నెలల పాటు జీతమంతా ఇంటికి మనియార్డరు చేశాను. మొదటి జీతం రోజున ఆ హోటలు ముందు నుండి నడిచి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెనుక సందులోంచి పోతూ ఉంటే ఆయనే చూసి, "ఇటు రండి బాబూ, అట్టు చల్లారిపోతోంది" అని పిలిచాడు. నా పుట నిండిపోతే మరొక పుట తిప్పాడు. ఎందుకని అడగలేదు, ఎప్పటికని అంతకన్నా అడగలేదు. నాలుగవ నెల నుండి కొద్ది కొద్దిగా తీర్చాను. చివరి గీత పడిన రోజున ఒక గ్లాసు టీ అదనంగా ఇచ్చాడు, అంతే. ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. కట్టెల స్థానంలో గ్యాసు వచ్చింది. సొరుగులో పుస్తకం మాత్రం ఉంది.

ఇక పిజ్జా సంగతి. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ వీధి మలుపులోనే నేపుల్స్ పద్ధతిలో పిజ్జా చేసే భోజనశాల ఒకటి ఉంది. నన్నూ, మా శ్రీమతినీ ఒక సాయంత్రం అక్కడికి తీసుకొనిపోయింది. గోపురంలా ఇటుకలతో కట్టిన పొయ్యి, లోపల ఒక ప్రక్కగా మండుతున్న కట్టెలు. చాలా ఏళ్ళ తరువాత కట్టెల పొగ వాసన పీల్చి నాకు ఆకలి వేసింది. గోధుమపిండి, నీరు, ఉప్పు, ఈస్టు తప్ప ఆ పిండిలో మరేదీ కలపరాదట. అప్పడాల కర్ర ముట్టరాదట. వేళ్ళతోనే నడిమి నుండి అంచుకు గాలిని తోస్తూ పలుచగా చేయాలి. ఈ నియమాలను వ్రాసిపెట్టడానికి నేపుల్స్‌లో 1984లో ఒక సంఘమే ఏర్పడింది. వ్యాసం 35 సెంటీమీటర్లు దాటరాదు. 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో 60 నుండి 90 సెకన్లు మాత్రమే ఉంచాలి. ఈ విద్యను 2017లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. మన అట్టుకు ఆ యోగం ఎప్పుడు పడుతుందో!

పళ్ళెం వచ్చింది. అంచున నల్లని మచ్చలు చూసి మా శ్రీమతి "అయ్యో, మాడ్చేశాడండీ" అన్నది. "మాడడం కాదమ్మా, అలాగే ఉండాలి" అన్నది అమ్మాయి. పైన టమాటా గుజ్జు, గేదెపాలతో చేసే మోజరెల్లా చీజు, నాలుగు తులసి జాతి ఆకులు. నడిమి భాగం తడిగా, మెత్తగా ఉంది. నాకు నచ్చింది. కొంచెం కారం ఉంటే ఇంకా నచ్చేది.

నేపుల్స్‌లో ఇది ప్రభువుల వంటకం కాదు. మోతకూలీలు, జాలరులు వీధిలో నిలబడి, నాలుగు మడతలు పెట్టి తినే చవక తిండి. 1889లో రాణి మార్గెరీటా కోసం ప్రత్యేకంగా చేశారన్న కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. నా మనసును పట్టుకొన్నది రాణి కథ కాదు, అరువు కథ. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కరువు రోజులలో అక్కడి స్త్రీలు ఇంటి ముంగిట పొయ్యి పెట్టి, పిజ్జాను నూనెలో వేయించి, ఈనాడు తిని ఎనిమిదవ నాడు డబ్బు ఇచ్చే పద్ధతిన అమ్మేవారట. 1954లో విట్టోరియో డిసీకా తీసిన 'నేపుల్స్ బంగారం' అనే చిత్రంలో సోఫియా లారెన్ ధరించినది అటువంటి పిజ్జాలమ్మే స్త్రీ పాత్రే. వారిది ఎనిమిది రోజుల గడువు, మనది జీతం రోజు దాకా.

తినడం ముగిసే వేళకు అమ్మాయి అసలు మాట ఎత్తింది. "వచ్చే ఏడు క్వార్టరు ఖాళీ చేయవలసిందే కదా నాన్నా. ఆ ఊళ్ళో ఇంకా ఏముంది? ఇక్కడికే వచ్చేయండి." వాళ్ళమ్మ నా ముఖం వైపు చూసింది. ఆమెకు రావాలనే ఉందని నాకు తెలుసు. నాకు జవాబు తోచలేదు. పదవీ విరమణ తరువాత నాకు అరువుతో అవసరం రాకపోవచ్చు. కాని నన్ను అరువుకు నమ్మేటంతగా ఎరిగిన మనిషిని ఈ వయసులో ఒక కొత్త నగరంలో ఎక్కడ వెదకను? ఈ మాట బిడ్డతో ఎలా చెప్పను?

ఆమె డబ్బు చెల్లిస్తూ ఉండగా నేను పొయ్యి దగ్గరకు వెళ్ళాను. పిజ్జాలను లోపలికి త్రోస్తున్న కుర్రవాడు ప్రక్కవానితో మాట్లాడే హిందీ యాస నాకు పరిచయమైనదిగా తోచింది. ఊరు అడిగాను. గీదం దగ్గరి పల్లె అన్నాడు. హల్బీలో పలకరించగానే చేతిలోని పొడుగు పార ప్రక్కన పెట్టి నవ్వాడు. దంతేశ్వరి అమ్మవారి ఫాగున్ మడయీకి ఈసారి వెళ్ళలేకపోయానని చెప్పాడు.

"నువ్వు కూడా ఇదే తింటావా?" అని అడిగాను.

"అప్పుడప్పుడు. రాత్రికి మా వీధి చివర శ్రీకాకుళం వాళ్ళ బండి ఉంది సార్, అన్నం, పప్పు పెడతారు. డబ్బు జీతం రోజున ఇస్తాను" అన్నాడు.

ఆ బండి ఎక్కడో గుర్తులు అడిగి తెలుసుకొన్నాను. బయటకు వచ్చాక అమ్మాయి "ఏమిటి నాన్నా, అతనితో అంత సేపు?" అన్నది. రేపు రాత్రి భోజనం నేను పెట్టిస్తానని చెప్పాను. ఎక్కడ అని అడిగితే, నడిచి వెళ్ళవలసినంత దూరమేనన్నాను.