పిల్లల పీనసము

ధర్మవరములో మా వీధి మగ్గముల చప్పుడుకంటె మా చిన్నవాని గురకయే నన్నెక్కువగా మేలుకొలుపుచుండెడిది. వానికి ఆఱేండ్లు. పడిసెము విడువదు, చీమిడి పసుపువన్నె, నోరు తెఱచియే నిద్ర. "వయసు వచ్చిన నదే పోవునమ్మా, పసివానిపై కత్తి పెట్టనీయకు" అని పెనుకొండనుండి వచ్చిన మా యమ్మ పట్టుపట్టెను. నేనును అంగడిలో ముక్కుచుక్కల మందు కొని నెల గడపితిని. అది నా పొరపాటు. అట్టి చుక్కలు కొలదిదినములు మించిన ముక్కు మఱింత బిగియును.

హిందూపురపు వైద్యురాలు నిదానముగా బోధించెను. ముఖపుటెముకలలో గాలిగదులున్నవి. ముక్కు వెనుక అడినాయిడ్లను మెత్తని కండ యున్నది. అది పెరిగి వాచినచో క్రిములకు నెలవై, గదులలో చీము నిలుచును. పండ్రెండు వారములు మించినదే దీర్ఘరోగము. దానికైనను మొదట ఉప్పునీటితో ముక్కు కడుగుట, మందుతుంపరలు, పొగదుమ్ములకు దూరముంచుట. ఇవి విఫలమైననే శస్త్రము. అదియు మొదట అడినాయిడ్లకే. నోటిలోనుండియే తీయుదురు, ముఖముపై గాటు పడదు. సన్నని దుర్భిణిగొట్టముతో గదులను తెఱచుట అటుపిమ్మటి మాట.

మూడు నెలలు మందులు వాడితిమి; గుణము కానరాలేదు. శస్త్రమునాడు మత్తుగది వాకిట వాడు నా కొంగు విడువలేదు. నేనే వ్రేళ్లు విడదీసితిని.

ఇప్పుడు వాడు నోరు మూసికొని నిద్రించుచున్నాడు. తొలిరాత్రులలో గురక వినరాక, నేనే లేచి ఊపిరి చూచుచుంటిని. మా యమ్మ మాట పూర్తిగా తప్పు గాదు. ఆ కండ యౌవనమున దానంతట నదియే క్రుంగును. కాని అందాక బిడ్డ నిద్ర నిలుచునా? సోదరీమణులారా, తొందరపడి కోయింపకుడు. వెఱచి కాలము పుచ్చకుడు.