ఆఖరి స్టేషను టిక్కెట్టు

విశాఖపట్నంలో ఉదయం రైలెక్కిన ప్రయాణికుడు కిరండూల్‌లో దిగేసరికి చీకటి పడుతుంది. అనంతగిరి సొరంగాలు, అరకు లోయ, కొరాపుట్ కొండలు, జగదల్‌పూర్ పీఠభూమి దాటి, దంతెవాడ, బచేలీల మీదుగా వచ్చిన పట్టాలు బైలాడిలా కొండల పాదాల చెంత ముగుస్తాయి. ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాలు కనుక కొండలకు ఆ పేరు. ఆ మూపురం నిండా ఇనుమే.

నిజానికి ఈ మార్గం మనుషుల కోసం వేసినది కాదు. 1960లో జపాన్ ఉక్కు సంస్థలతో కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి, ముడి ఇనుమును విశాఖ రేవుకు చేర్చడానికి వేశారు. కొత్తవలస నుండి సుమారు 445 కిలోమీటర్లు. ఖనిజపు బళ్ళ నడుమ చిక్కిన వ్యవధిలో ప్రయాణికుల రైలు నడుస్తుంది. గని కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, పెద్దాసుపత్రి కోసం విశాఖ వెళ్ళే బస్తర్ గిరిజనులకు అదే ఆధారం.

ఆ రైలుకు టిక్కెట్టు ముందే కొనాలి. 1830 దశకంలో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషను మాస్టరు అట్టముక్క టిక్కెట్టును రూపొందించిన నాటినుండి పద్ధతి అదే: మొదట సొమ్ము, తరువాత ప్రయాణం.

ఈ వరుసను తలక్రిందులు చేసింది స్పర్శ అక్కరలేని స్మార్ట్ కార్డు. దానిలో బ్యాటరీ ఉండదు. యంత్రం దగ్గర ఉంచగానే ఆ యంత్రపు అయస్కాంత క్షేత్రం నుండే కార్డులోని సన్నని తీగచుట్టకు విద్యుత్తు పుడుతుంది. చిప్పు మేల్కొని బదులు చెబుతుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఎక్కిన చోటు నమోదవుతుంది, వెలుపలికి వచ్చేటప్పుడు ప్రయాణించిన దూరానికే ఛార్జీ తెగుతుంది. 1997లో హాంగ్‌కాంగ్ ప్రవేశపెట్టిన ఆక్టోపస్ కార్డులో వాడినది జపాన్ సంస్థ సోనీ పరిజ్ఞానం. బైలాడిలా ఇనుము వెళ్ళిన దేశం నుండే ఈ విద్య వచ్చిందన్నమాట! ఢిల్లీ మెట్రోలో 2002లోను, హైదరాబాదు మెట్రోలో 2017లోను ఇటువంటి కార్డులు వాడుకలోకి వచ్చాయి.

ప్రయాణించినంత దూరానికే ఛార్జీ అన్న సూత్రం కిరండూల్‌కు సరిపోయినట్లు నగరాలకు కూడా సరిపోదేమో. భద్రతా కారణాల వలన ఈ రైలును దంతెవాడలోనే నిలిపివేసిన సందర్భాలు అనేకం. అక్కడినుండి మరో 40 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. చేతిలో మాత్రం కిరండూల్ టిక్కెట్టు. ప్రయాణించని భాగానికి సొమ్ము తిరిగి పొందే నియమం లేకపోలేదు. అయితే బిడ్డను చంకనెత్తుకుని చివరి బస్సుకు పరుగెత్తే తల్లి, ఆ కొద్ది రూపాయల కోసం వరుసలో నిలబడుతుందా?

విచిత్రమేమంటే, దూరం నుండే యంత్రం గుర్తుపట్టగల చిప్పు బిళ్ళలను సరకు పెట్టెలకు అమర్చే పని రైల్వే ఎప్పుడో చేపట్టింది.

మెట్రో కార్డుకు ద్వారాలు కావాలి. నలువైపులా తెరచి ఉండే చిన్న స్టేషన్లలో అవి అసాధ్యమంటారు. ఆ వాదన బలమైనది కాదు. ఆర్టీసీ కండక్టరు చేతిలో ఉండే యంత్రం వంటిది రైలులో ఉంటే ద్వారం పని అదే చేస్తుంది. అసలు చిక్కు మరొకటి. కార్డులో ఎల్లప్పుడూ కొంత సొమ్ము నిలవ ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, ఇంటిల్లిపాదితో ప్రయాణం చేసేవారు అన్ని కార్డులలో అంత సొమ్ము నిలవ ఉంచలేరు. ఇంటికంతటికీ ఒకే కార్డు, వారపు సంతలో రొక్కమిచ్చి నింపుకునే ఏర్పాటు ఉంటే తప్ప, అది వారి చేతికి చేరదు.